వర్జీనియా అయిదో నియోజకవర్గం: 1789 చలికాలపు ఎన్నిక

(ఉత్తర వర్జీనియాలో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనుక నిలబడినవారు దయచేసి ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మొదటి వరుసలో కూర్చోవాలంటే మనవాళ్ళకు పెళ్ళిలోనూ మొహమాటమే, సభలోనూ మొహమాటమే.

మీలో ఎంతమంది 29వ నంబరు రోడ్డు మీద షార్లట్స్‌విల్ వైపు వెళ్ళారు? చేతులెత్తండి చూద్దాం. చాలామందే ఉన్నారు. పిల్లల్ని యూనివర్సిటీలో దింపడానికి వెళ్ళి ఉంటారు. దారిలో కల్పెపర్ వస్తుంది. తర్వాత మాడిసన్ అనే కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, వస్తుంది. షార్లట్స్‌విల్ చుట్టూ ఉన్నది ఆల్బెమార్ల్ కౌంటీ. అక్కడ ఆగకుండా ఇంకా కిందికి పోతే ఆమ్‌హర్‌స్ట్. పెట్రోలుకో కాఫీకో ఆగి ఉంటారు తప్ప, ఇదంతా ఒకప్పుడు ఒకే నియోజకవర్గమని మీకెవరూ చెప్పి ఉండరు. ఆ నియోజకవర్గాన్ని ఒక్క మనిషిని ఓడించడానికే గీశారని అప్పట్లోనే ఆరోపణ వచ్చింది. ఆ ఒక్క మనిషి ఎవరు? రాజ్యాంగ నిర్మాత అని ఇవాళ మనం చెప్పుకునే జేమ్స్ మాడిసన్. ఈ రోజు నేను చెప్పబోయేది ఆ ఎన్నిక గురించే. పెద్ద చరిత్రలో చిన్న ముక్క. కానీ నాకు చాలా ఇష్టమైన ముక్క.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1788 జూన్ 25. రిచ్మండ్‌లో కొత్త రాజ్యాంగాన్ని ఒప్పుకోవాలా వద్దా అని వర్జీనియా ప్రతినిధులు ఓటు వేశారు. ఒప్పుకుందామన్నవారు 89 మంది, వద్దన్నవారు 79 మంది. 10 ఓట్ల తేడా. అంటే ఒక్క అయిదుగురు అటు తిరిగి ఉంటే సరిసమానం అయ్యేది. ఒప్పుకుందామన్నవారి వైపు వాదన నడిపింది మాడిసన్. పొట్టి మనిషి, గొంతు పెద్దగా రాదు, వాదనలో మాత్రం పట్టు వదలడు. వద్దన్నవారి నాయకుడు పాట్రిక్ హెన్రీ. ఆయన గొంతు గురించి చెప్పనక్కరలేదు. స్వేచ్ఛ ఇవ్వండి, లేదంటే చావునివ్వండి అన్న ఆ హెన్రీయే. రిచ్మండ్‌లో మాడిసన్ గెలిచాడు, హెన్రీ ఓడాడు. కానీ ఓడినవాడు ఇంటికి వెళ్ళి పడుకోలేదు. రాష్ట్ర శాసనసభ హెన్రీ చేతిలో ఉంది.

రాష్ట్ర శాసనసభ చేతిలో ఏముంటుంది? అప్పట్లో అన్నీ దాని చేతిలోనే ఉండేవి. సెనేటర్లను ఎన్నుకునేది శాసనసభే, ప్రజలు కాదు. ఆ సంవత్సరం నవంబరులో రెండు సెనేటు స్థానాలకు ఓటింగు జరిగింది. రిచర్డ్ హెన్రీ లీకి 98 ఓట్లు, విలియం గ్రేసన్‌కు 86, మాడిసన్‌కు 77. మొదటి ఇద్దరూ రాజ్యాంగాన్ని వ్యతిరేకించినవాళ్ళు. మాడిసన్ మూడో స్థానంలో మిగిలిపోయాడు. మాడిసన్ ఎన్నికైతే దేశంలో రక్తం ఏరులై పారుతుందని హెన్రీ సభలో అన్నట్టు ఒక స్నేహితుడు మాడిసన్‌కు ఉత్తరం రాశాడు. ఎన్నికల ప్రసంగాల్లో ఈ ధోరణి మనకు కొత్త కాదు కదా!

ఇక మిగిలింది ప్రజలే ఎన్నుకునే ప్రతినిధుల సభ. నిజానికి మాడిసన్‌కు కావలసింది కూడా అదే. ఎన్నిక ఎప్పుడు, ఎక్కడ, ఎలా జరపాలో నిర్ణయించే పనిని రాజ్యాంగం మొదట రాష్ట్రాల శాసనసభలకే అప్పగించింది. కాంగ్రెసు తర్వాత మార్చవచ్చు, కానీ ఆ కొత్త కాంగ్రెసు ఇంకా పుట్టనే లేదు కదా. అందుకని ఏ రాష్ట్రం దారి ఆ రాష్ట్రానిది. పెన్సిల్వేనియాలో నియోజకవర్గాలే లేవు. రాష్ట్రం మొత్తం కలిసి 8 మందిని ఎన్నుకుంది. వర్జీనియాకు 10 స్థానాలు వచ్చాయి. జనాభా లెక్కలు తీసి ఇచ్చినవి కావు, అంచనా వేసి రాజ్యాంగంలోనే రాసిన అంకె. ఆ 10 స్థానాలకు 10 నియోజకవర్గాలు గీశారు. అందులో ఒకటి ఏకంగా కెంటకీ. అవును, అప్పటికి కెంటకీ కూడా వర్జీనియాలో భాగమే.

ఇప్పుడు అయిదో నియోజకవర్గం చూడండి. 8 కౌంటీలు. ఆరెంజ్, కల్పెపర్, స్పాట్సిల్వేనియా, లూయిసా, ఆల్బెమార్ల్, ఫ్లువానా, గూచ్‌లాండ్, ఆమ్‌హర్‌స్ట్. మాడిసన్ ఊరు ఆరెంజ్‌లో. మొన్న రిచ్మండ్‌లో ఈ 8 కౌంటీల ప్రతినిధులు ఎటు ఓటు వేశారు? 5 కౌంటీల వాళ్ళు రాజ్యాంగం వద్దన్నారు. రెండు కౌంటీల వాళ్ళు కావాలన్నారు. ఒక కౌంటీలో చెరో ఓటు. కాగితం మీద మాడిసన్ పని అయిపోయినట్టే. ఇంతటితో ఆగలేదు. అభ్యర్థి ఆ నియోజకవర్గంలో 12 నెలలుగా నివాసం ఉండాలని చట్టంలో ఒక వాక్యం చేర్చారు. అంటే మాడిసన్ వేరే చోటికి వెళ్ళి పోటీ చేయడానికి వీల్లేదు. తలుపు వేసి, బయట గొళ్ళెం కూడా పెట్టినట్టు.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పాలి. చాలా పుస్తకాల్లో ఈ కథను హెన్రీ కుట్రగా మాత్రమే రాస్తారు. నేనూ చాలా కాలం అలాగే చెప్పేవాణ్ణి. తర్వాత ఒకసారి పటం ముందు పెట్టుకుని చూశాను. ఆరెంజ్ చుట్టుపక్కల ఏమున్నాయి? కల్పెపర్, స్పాట్సిల్వేనియా, లూయిసా, ఆల్బెమార్ల్. కౌంటీలను చీల్చకుండా పక్కపక్కవి కలపాలంటే ఎవరు గీసినా ఇంచుమించు ఇవే వస్తాయి. ఇరుగుపొరుగు వాళ్ళే రాజ్యాంగానికి వ్యతిరేకులైతే గీత గీసినవాడు ఏం చేస్తాడు? ఆమ్‌హర్‌స్ట్‌ను అంత దూరం నుంచి తెచ్చి కలపడం మీద అనుమానం ఉంది, కాదనను. కానీ వంకర గీత ఎక్కడా లేదు. నా దృష్టిలో అసలు దెబ్బ గీత కాదు, ఆ 12 నెలల నివాసం నిబంధన. దాని గురించి తక్కువ మాట్లాడతారు.

ఎందుకంటున్నానో చెబుతాను. మన దేశంలో లోక్‌సభకు ఏ రాష్ట్రంవారు ఏ రాష్ట్రంలోనైనా పోటీ చేయవచ్చు. పి.వి. నరసింహారావు గారు మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి గెలిచారు, తర్వాత నంద్యాల నుంచి గెలిచారు, ఒడిశాలోని బరంపురం నుంచీ గెలిచారు. ఆయనను కరీంనగర్‌కే కట్టిపడేసి ఉంటే? మాడిసన్‌ను అలా కట్టిపడేశారు. రాజ్యాంగం అడిగింది ఆ రాష్ట్రవాసి అయితే చాలని. దానికి మించి రాష్ట్రం అర్హతలు పెట్టవచ్చా? ఈ ప్రశ్న 1807లో మేరీలాండ్ సభ్యుడు విలియం మెక్రీరీ విషయంలో సభ ముందుకు వచ్చింది. ఆయన నివాసం మీద అభ్యంతరం చెప్పారు. సభ ఆయనను కూర్చోనిచ్చింది. రాష్ట్రాలు అలా కొత్త అర్హతలు కలపకూడదని సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది మాత్రం 1995లో. మాడిసన్‌కు 206 ఏళ్ళు ఆలస్యం.

సరే, మాడిసన్ అప్పుడు ఎక్కడున్నాడు? న్యూయార్కులో, కొత్త రాజ్యాంగానికి ముందున్న పాత కాంగ్రెసులో సభ్యుడిగా. మొలల బాధతో ఉన్నాడు. నవ్వకండి, గుర్రపు బండిలో న్యూయార్కు నుంచి వర్జీనియాకు ఆ రోడ్ల మీద ప్రయాణం ఊహించండి. పైగా ఓట్లు అడగడమంటే ఆయనకు చిన్నతనం. పాత దెబ్బ ఒకటి ఉంది. 1777లో రాష్ట్ర శాసనసభకు పోటీ చేసినప్పుడు ఓటర్లకు మందు పోయించనన్నాడు. పోటీ చేసింది ఎవరితో? సారాయి అంగడి నడిపే చార్లెస్ పోర్టర్‌తో. ఫలితం మీకు చెప్పాలా? మన మాడిసన్ ఓడిపోయాడు. ఆయనకన్నా లోకజ్ఞానం ఉన్నవాడు వాషింగ్టన్. 1758లో ఆయన పోటీ చేసినప్పుడు తాను ఊళ్ళో లేకపోయినా రమ్ము, వైను, బీరు కలిపి సుమారు 160 గ్యాలన్లు పోయించారు. గెలిచాడు. మందు పోయడం మనవాళ్ళు కనిపెట్టిన విద్య కాదని దీనివల్ల తెలుస్తుంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మాడిసన్ రాజ్యాంగం రాసిన ఫిలడెల్ఫియా సభలో గెలిచాడు, రిచ్మండ్‌లో గెలిచాడు, ఇంట గెలవడమే మిగిలిపోయింది. స్నేహితులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు, వచ్చి ముఖం చూపించకపోతే లాభం లేదని. డిసెంబరులో బయలుదేరాడు. దారిలో కొద్ది రోజులు వాషింగ్టన్ ఇంట ఆగి, సొంత ఊరు చేరాడు.

ఎదురుగా ఎవరు నిలబడ్డారు? జేమ్స్ మన్రో. 30 ఏళ్ళవాడు. ట్రెంటన్ యుద్ధంలో తుపాకీ గుండు తగిలిన సైనికుడు. ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో వకీలు. రిచ్మండ్‌లో రాజ్యాంగానికి వ్యతిరేకంగా ఓటు వేశాడు. ఇంకో మాట, మాడిసన్‌కు దగ్గరి స్నేహితుడు. ఇద్దరూ కలిసి న్యూయార్కు రాష్ట్రంలో భూమి కూడా కొన్నారు. మనవాళ్ళయితే ఎన్నిక కన్నా ముందు ఆ భూమి పంచుకునేవాళ్ళు. తర్వాతి కాలంలో ఒకరు నాలుగో అధ్యక్షుడు, ఇంకొకరు అయిదో అధ్యక్షుడు. అధ్యక్షులు కాబోయే ఇద్దరు ప్రతినిధుల సభలో ఒకే స్థానానికి తలపడింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. హెన్రీ మనుషులు గీత గీసేటప్పుడు ఏం చూశారు? మొన్నటి ఓటు చూశారు. రిచ్మండ్‌లో ఏ కౌంటీ ప్రతినిధి ఎటు అన్నాడన్నది. కల్పెపర్ ప్రతినిధులిద్దరూ వద్దన్నారు కాబట్టి కల్పెపర్ మనదే అనుకున్నారు. కానీ కల్పెపర్ జనం మనసులో ఉన్నది మొన్నటి ఓటు కాదు. 20 ఏళ్ళ కిందటి జైలు.

అదేం జైలు? విప్లవానికి ముందు వర్జీనియాలో ఇంగ్లండ్ చర్చే ప్రభుత్వ మతం. బాప్టిస్టు బోధకులు అనుమతి లేకుండా బోధిస్తున్నారని పట్టుకుని జైల్లో వేసేవారు. కల్పెపర్ జైల్లో జేమ్స్ ఐర్లండ్ అనే బోధకుణ్ణి పెట్టారు. ఆయన ఊరుకున్నాడా? జైలు కిటికీ ఊచల్లోంచే బోధించాడు, బయట జనం నిలబడి విన్నారు. 1774లో మాడిసన్, అప్పటికి 22 ఏళ్ళ కుర్రవాడు, పక్క కౌంటీలో అయిదారుగురు మంచివాళ్ళను మత విశ్వాసాల కోసం జైల్లో పెట్టారని కోపంతో స్నేహితుడికి ఉత్తరం రాశాడు. తర్వాత చర్చి బోధకులకు పన్ను సొమ్ముతో జీతాలివ్వాలని హెన్రీ ప్రతిపాదిస్తే దాన్ని అడ్డుకున్నది మాడిసన్. జెఫర్సన్ రాసిన మత స్వేచ్ఛ చట్టాన్ని 1786లో శాసనసభలో నెగ్గించింది కూడా మాడిసనే. బాప్టిస్టులు ఇవేవీ మరిచిపోలేదు.

అయితే వాళ్ళకు ఒక భయం పట్టుకుంది. కొత్త రాజ్యాంగంలో మత స్వేచ్ఛకు హామీ ఏదీ? మాడిసన్ రాజ్యాంగంలో ఒక్క అక్షరం కూడా మార్చనివ్వడట అని ఊరూరా ప్రచారం. నిజం చెప్పాలంటే హక్కుల పత్రం మీద మాడిసన్‌కు గొప్ప నమ్మకమేమీ లేదు. అవి కాగితపు కంచెలని జెఫర్సన్‌కు రాసిన మనిషే. కానీ ఇప్పుడు ఓటు అడగాలి. 1789 జనవరి 2న జార్జ్ ఈవ్ అనే బాప్టిస్టు బోధకుడికి ఉత్తరం రాశాడు. రాజ్యాంగం ఆమోదం పొందకముందు సవరణలు వద్దన్నాను, ఇప్పుడు ఆమోదం పొందింది కాబట్టి సవరణలు కావాలంటున్నాను, మొదటి కాంగ్రెసే వాటిని తయారు చేయాలి, అందులో మనస్సాక్షి స్వేచ్ఛకు పూర్తి హామీ ఉండాలి, పత్రికా స్వేచ్ఛ ఉండాలి, జ్యూరీ విచారణ ఉండాలి అని ఆ ఉత్తరం సారాంశం. ఈవ్ ఆయన తరఫున మాట్లాడాడు. ఓట్ల కోసం మాట మార్చాడంటారా? మార్చాడు. నాకు దానిలో తప్పు కనిపించదు. ఓటరు మాట వినడానికి కాకపోతే ఎన్నిక ఎందుకు?

ఆ జనవరిలో మంచు బాగా పడింది. ఇద్దరు అభ్యర్థులూ కలిసే తిరిగారు. అవును, కలిసే! ఒకే చోట ఒకరి తర్వాత ఒకరు మాట్లాడటం. కల్పెపర్‌లో జర్మన్ లూథరన్ల చర్చి ఒకటుంది. 1740లో కట్టిన హెబ్రన్ చర్చి అదేనని చెబుతారు, ఇప్పటికీ ఉంది. అక్కడ ప్రార్థన అయ్యేదాకా ఇద్దరూ కూర్చుని రెండు ఫిడేళ్ళ సంగీతం విన్నారు. తర్వాత బయట మంచులో జనాన్ని నిలబెట్టి వాదించుకున్నారు. జనం కదలకుండా నిలబడి విన్నారట. ఆ రాత్రి బసకు చేరడానికి మాడిసన్ 12 మైళ్ళు గుర్రం మీద వెళ్ళాడు. చలికి ముక్కు కమిలిపోయింది. 1827లో, అంటే 38 ఏళ్ళ తర్వాత, ఒక యువ మిత్రుడికి ఈ కథ చెబుతూ ఆ మచ్చ ఇంకా ఉందన్నాడు.

పోలింగు ఫిబ్రవరి 2. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మన పోలింగు బూత్ మరిచిపోండి. బ్యాలెట్ లేదు, తెర లేదు. కౌంటీ కోర్టు దగ్గర బల్ల వేసుకుని షెరీఫ్ కూర్చుంటాడు, పక్కన గుమస్తాలు. భూమి ఉన్న తెల్ల మగవాడు ఒక్కొక్కడే వచ్చి, అందరి ముందు గొంతెత్తి, నా ఓటు ఫలానావారికి అని చెప్పాలి. గుమస్తా ఆ పేరు కింద రాసుకుంటాడు. ఆరెంజ్‌లో ఏం జరిగింది? మాడిసన్‌కు 216, మన్రోకు 9. మాడిసన్ తండ్రి ఆ కౌంటీలోకెల్లా పెద్ద భూస్వామి. ఆయన ఊళ్ళో, అందరూ వింటుండగా, మన్రో అని పలికిన ఆ 9 మందికి నేను ఎప్పుడూ మనసులో దండం పెట్టుకుంటాను. ఎవరో గానీ, గుండె ఉన్నవాళ్ళు.

మరి కల్పెపర్? హెన్రీ మనుషులు తమదే అనుకున్న కల్పెపర్. మాడిసన్‌కు 256, మన్రోకు 103. లూయిసాలో 228, 124. ఆల్బెమార్ల్‌లో 174, 105. మన్రో సొంత చోటు స్పాట్సిల్వేనియాలో మన్రోకు 189, మాడిసన్‌కు 115. ఆమ్‌హర్‌స్ట్‌లో మన్రోకు 246, మాడిసన్‌కు 145. ఫ్లువానాలో మన్రోకు 63, మాడిసన్‌కు 42. గూచ్‌లాండ్‌లో మన్రోకు 133, మాడిసన్‌కు 132. ఒక్క ఓటు! కౌంటీల లెక్కన చూస్తే చెరి నాలుగు. ఓట్ల లెక్కన మాడిసన్‌కు 1,308, మన్రోకు 972. మెజారిటీ 336. మన దగ్గర ఒక పెద్ద పంచాయతీ ఎన్నికలో పోలయ్యే ఓట్లు కూడా లేవు మొత్తం కలిపితే. అందులో కల్పెపర్ ఒక్కటే 153 ఓట్ల ఆధిక్యం ఇచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు కల్పెపర్‌ను చీల్చి ఒక ముక్కకు మాడిసన్ పేరే పెట్టారు. మీరు కారులో దాటే మాడిసన్ కౌంటీ అదే.

మాడిసన్ మాట నిలబెట్టుకున్నాడా? 1789 జూన్ 8న సభలో సవరణలు ప్రవేశపెట్టాడు. ఇప్పుడెందుకు ఈ గొడవ అని తోటి సభ్యులే విసుక్కున్నారు. పట్టు వదలలేదు. సెప్టెంబరులో 12 సవరణలు రాష్ట్రాలకు వెళ్ళాయి. 1791 డిసెంబరు 15న వర్జీనియా ఆమోదంతో వాటిలో 10 రాజ్యాంగంలో చేరాయి. హక్కుల పత్రం అంటే ఆ 10. మిగిలిన రెండింటిలో ఒకటి ఏమిటో తెలుసా? ఎంత జనాభాకు ఒక సభ్యుడు ఉండాలన్నది. అది జాబితాలో మొట్టమొదటిది. ఈనాటికీ ఆమోదం పొందలేదు.

సీట్ల లెక్క అంటే అంత తేలికగా తెగేది కాదు. 1790లో మొదటి జనాభా లెక్కలు తీశారు. వర్జీనియాలో 7,47,610 మంది. అందులో 2,92,627 మంది బానిసలు. సీట్లు పంచేటప్పుడు అయిదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కపెట్టాలని రాజ్యాంగం. అలా లెక్కిస్తే సుమారు 6,30,560. తొలి బిల్లును వాషింగ్టన్ 1792 ఏప్రిల్‌లో తిప్పి పంపాడు. అమెరికా చరిత్రలో అధ్యక్షుడి మొదటి వీటో అదే, అది కూడా సీట్ల పంపకం మీదే. చివరికి 33,000 మందికి ఒక సీటు అన్నారు. వర్జీనియాకు 19 వచ్చాయి. కాగితం, కలం ఉంటే వేసి చూడండి. ఆ 19లో ఆరు సీట్లు బానిసలను లెక్కపెట్టినందువల్ల వచ్చినవి. వాళ్ళకు ఓటు లేదు, పేరు కూడా లేదు, లెక్కలో అంకె మాత్రం ఉంది. హక్కుల పత్రం రాసిన మాడిసన్ ఇంట్లో కూడా బానిసలే పనిచేశారు. ఈ మాట చెప్పకుండా ఆ మంచు కథ ఒక్కటే చెబితే మీకు సగం చెప్పినట్టు.

ముందు వరుసలో అమ్మాయి ఇందాకటి నుంచి ఏదో అడగాలని చూస్తోంది. తమ గెలుపు కోసం నియోజకవర్గాలను వంకరగా గీయడాన్ని జెర్రీమాండర్ అంటారే, ఆ మాట ఇక్కడే పుట్టిందా అనే కదమ్మా? కాదు. అది 1812లో, మసాచుసెట్స్‌లో. రాష్ట్ర సెనేటు నియోజకవర్గాలను వంకరటింకరగా గీసిన చట్టం మీద గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ జెర్రీ సంతకం పెట్టాడు. అందులో ఒకటి సాలమాండర్ అనే జంతువులా ఉందని పత్రికలో బొమ్మ వేసి, జెర్రీ పేరు కలిపి ఆ మాట పుట్టించారు. సరే, ఆ ఏడాదే జెర్రీ ఇంకో ఎన్నికలో గెలిచాడు. ఉపాధ్యక్షుడిగా. అధ్యక్షుడు ఎవరు? మన మాడిసనే! తన మీద గీత గీశారని బాధపడిన మనిషి పక్కన, గీతకే పేరిచ్చిన మనిషి.

మరి స్నేహం ఏమైంది అని మీరు అడగాలి. ఎన్నికైన దాదాపు రెండు నెలలకు మాడిసన్ పారిస్‌లో ఉన్న జెఫర్సన్‌కు రాశాడు. రాజకీయం వేరు, మనసు వేరు అని ఇద్దరమూ గీత గీసుకున్నాం కాబట్టి మా స్నేహం రవ్వంత కూడా తగ్గలేదని దాని భావం. 1829 అక్టోబరులో, రాష్ట్ర రాజ్యాంగం తిరగరాయడానికి రిచ్మండ్‌లో మళ్ళీ సభ పెట్టారు. మళ్ళీ అదే గొడవ. సీట్లు ఎలా పంచాలి, తెల్లవాళ్ళను మాత్రమే లెక్కపెట్టాలా, బానిసలను కూడా కలపాలా అని తూర్పు వాళ్ళకూ పడమటి కొండల వాళ్ళకూ తగాదా. మాడిసన్‌కు 78 ఏళ్ళు, మన్రోకు 71. సభాధ్యక్షుడిగా మన్రో పేరు ప్రతిపాదించింది మాడిసన్. ప్రతిపాదించి ఊరుకోలేదు. ప్రధాన న్యాయమూర్తి మార్షల్ ఒక పక్క, తాను ఒక పక్క నడిచి, మన్రోను కుర్చీ దాకా తీసుకువెళ్ళి కూర్చోబెట్టాడు. తర్వాత డిసెంబరులో మాడిసన్ మాట్లాడటానికి లేస్తే గొంతు వినిపించక, సభ్యులంతా కుర్చీలు వదిలి ఆయన చుట్టూ చేరి నిలబడ్డారు. కల్పెపర్ జర్మన్లు మంచులో నిలబడి విన్నట్టే. దగ్గరగా నిలబడ్డవాళ్ళకు ఆ ముక్కు మీద మచ్చ కనిపించే ఉంటుంది.

ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి.